రొట్టెల బండి వెనక వచ్చిన తోడేలు

ఊర్జని మా కొండ మీదికి తెచ్చిన రోజుల్లో మా అత్త దెయొలింద నాతో నేరుగా మాట్లాడటం మానేసింది. చెప్పదలుచుకున్నదేదో పొయ్యికో పిల్లికో చెప్పేది. నేను గుమ్మం బయట బూట్లు విప్పుకుంటుంటే లోపల్నుంచి వినపడేది.

“విన్నావే పిల్లీ! కొందరికి ఇంట్లో మనుషులకి క్యాబేజీ చారు కాయడానికి తీరిక ఉండదు గానీ, మృగాలకి మాత్రం వేళ తప్పకుండా వడ్డిస్తారు.”

నేను వడ్డించే మాట నిజమే. వల్కోర్సు ఊరికి ఎగువన, ఓక్ చెట్ల వాలులో, కంచె కట్టి కాపాడే తోడేళ్ల ఆశ్రయంలో నాది మేత పని. రోడ్డు మీద బండ్లు గుద్ది చచ్చిన జింకలు, రైతులు రోగాలకి పోగొట్టుకున్న దూడలు వచ్చేవి. వాటిని ముక్కలు కొట్టి, ఒక్కో రోజు ఒక్కో మూల నుంచి కంచె లోపలికి విసిరి వచ్చేయాలి. ఉచ్చుల్లో కాళ్లు పోగొట్టుకున్నవి, సర్కసులు మూతపడ్డాక దిక్కులేకుండా మిగిలినవి, ఎవరో సరదాకి పెంచుకుని విసుగొచ్చి వదిలేసినవి, అలాంటి తోడేళ్లే అక్కడ ఉండేవి. అడవిలో బతకలేవు కాబట్టి అవి ఆ కంచె లోపలే బతికి, అక్కడే పోవాలి.

మా అత్త కోపానికి కారణం ఊరందరికీ తెలుసు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక చలికాలంలో వాళ్ల నాన్న గొర్రెల మందని తోడేళ్లు తుడిచిపెట్టేశాయి. మంచు కరగ్గానే దెయొలిందని పోర్తు నగరంలో ఎవరింట్లోనో పనికి పెట్టారు. పెళ్లి వయసు దాకా మళ్లీ మా కొండల మొహం చూడలేదు. అలాంటి మనిషి ఇంట్లో కోడలు తోడేళ్లకి మేత వేసే పనిలో చేరితే ఊరుకుంటుందా? పనికి వేసుకెళ్లే కోటు గడప దాటి లోపలికి రాకూడదని చెప్పింది. నేను తిన్న బల్ల దగ్గర తాను కూర్చోనని కూడా చెప్పింది. మా భోజనాలు అయ్యాక వంటింటి కిటికీ పక్కన నిలబడి, గిన్నె చేత్తో పట్టుకుని తినేది.

మా ఆయన అనీబల్ ఊరూరా తిరిగి రొట్టెలమ్మే బండి తోలేవాడు. పొద్దున్నే హారన్ కొట్టుకుంటూ వెళ్లడం, తలుపులకి వేలాడే గుడ్డ సంచుల్లో రొట్టెలు వేయడం అతని పని. మా ఇద్దరి మధ్యా నలిగి ఒకరోజు అన్నాడు.

“నేను రొట్టెలవాణ్ణి. రొట్టె రెండు వైపులా కాలాలిగా. ఒకవైపు మా అమ్మ, ఒకవైపు నువ్వు. కాల్చుకోండి.”

ఊర్జ వచ్చింది సెప్టెంబరు ఆఖర్లో. చెస్ట్‌నట్ చెట్ల మీద ముళ్ల తొడుగులు అప్పుడప్పుడే పగులుతున్నాయి. డాక్టరమ్మ లీదియా జీపు వెనక పెద్ద చెక్కపెట్టెలో తెచ్చింది. లీదియాయే ఆశ్రయానికి పెద్ద. వయసులో నాకంటే చిన్నదే, కానీ తోడేళ్ల విషయంలో మాత్రం నిక్కచ్చి మనిషి.

“ఎక్కడిదమ్మా ఇది?” అన్నాను.

“దక్షిణాన హైవే పక్కన కాల్చిన కోళ్లు అమ్మే హోటలు ఉంది అక్కా. దాని వెనకాల పంజరంలో పుట్టింది. దీని తల్లీ అక్కడే పుట్టి అక్కడే పోయిందట. తినడానికి వచ్చినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని చూపించేవాళ్లు, ఎముకలూ రొట్టెముక్కలూ వేసేవాళ్లు. కారు ఆగి హారన్ మోగితే చాలు, కంచె దగ్గరికొచ్చి కూర్చుంటుంది.”

పెట్టె తలుపు ఎత్తాం. చాలాసేపు ఏమీ బయటికి రాలేదు. తర్వాత సన్నటి మూతి, దాని వెనకాల బూడిదరంగు తల. ముందుకాలు గడ్డి మీద మోపి, వేడి పెనం తొక్కినట్టు వెనక్కి తీసుకుంది. సిమెంటు తప్ప మరేదీ ఎరగని కాళ్లు అవి. మా కొండల్లో రాళ్ల మధ్య ఊదారంగు పూలు పూసే పొదని ఊర్జ అంటాం. ఆ పొదల మధ్యకే దాన్ని దింపాం కాబట్టి లీదియా ఆ పేరే పెట్టింది.

దిగిన మర్నాటి నుంచీ ఊర్జ కంచె పక్కనే ఒకచోట తిరగడం మొదలుపెట్టింది. ఇటు నాలుగంగలు, మలుపు, అటు నాలుగంగలు, మళ్లీ మలుపు. దానికి ఇచ్చిన చోటు మా ఊళ్లో సగం ఉంటుంది. అందులో సెలయేరు ఉంది, బండలున్నాయి, ఎండ కాచే వాలు ఉంది. ఊర్జ మాత్రం ఆ కాస్త నేలనే తొక్కి తొక్కి బోడి చేసింది. పంజరం కొలత దాని కాళ్లలోనే ఉండిపోయింది.

నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చేది. చెవులు వెనక్కి వాల్చి, తోక ఊపి, నేల మీద బోర్లా పడి, కంచె ఇనపవలలోంచి నాలుక బయటపెట్టి నా వేళ్లు నాకాలని చూసేది. ఎవరి గుండె కరగదు? ఒకరోజు “ఏం తల్లీ, ఆకలేస్తోందా?” అనేశాను. వెనకనుంచి లీదియా వింది.

“మాట్లాడకు ఇల్దక్కా.”

“ఒక్క మాటే కదమ్మా.”

“ఆ ఒక్క మాట కోసం అది రోజంతా ఇక్కడే కూర్చుంటుంది. మాంసం విసిరేసి వెళ్లిపో. వెనక్కి చూడకు. దీనికి మనుషులు కాదు, తోడేలు కావాలి.”

ఆ తోడేలు పక్క దొడ్డిని వేరుచేసే అడ్డువలకి అవతలే ఉంది. దాని పేరు తోజు. ముసలిది, మూడు కాళ్లది. ఎప్పుడో పందుల ఉచ్చులో నాలుగో కాలు పోయింది. దాని జత పోయిన ఏడాదే చనిపోయింది. అప్పట్నుంచి ఒంటరిగా ఉంటోంది. రెండూ వల గుండా ఒకదాన్నొకటి అలవాటు చేసుకుంటే, మధ్య తలుపు తీయాలని లీదియా ఆలోచన. తోజు రోజూ వచ్చి, వల వాసన చూసి, గుర్రుమని వెళ్లేది. ఊర్జ దానివైపు తల కూడా తిప్పేది కాదు. దాని చూపంతా మేం వచ్చే బాట మీదే.

“ఇలాగే ఉంటే?” అనడిగాను.

“జతకలవకపోతే చచ్చేదాకా ఒంటరిగా ఆ నాలుగంగలే,” అంది లీదియా. ఆ రోజు ఆమె కూడా వెనక్కి తిరిగి చూసింది.

ఊళ్లో ఆశ్రయం మీద మాట మొదలైంది కూడా అప్పుడే. ఆ వాలు ఊరుమ్మడి భూమి. దాన్ని ఆశ్రయానికి ఇచ్చిన గడువు ఆ చలికాలంతో ముగుస్తుంది. మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది డిసెంబరులో ఊరంతా కూర్చుని తేల్చాలి. వద్దనేవాళ్లకి ఏదో ఒక వంక కావాలి.

మా అత్త తమ్ముడు జెఫెరీను బాబాయి ఊరి వేటగాళ్లకి నాయకుడు. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. కాల్చిన సాసేజీ కోసుకుంటూ నన్ను కదిపాడు.

“ఏమ్మా ఇల్దా, కొత్త పెళ్లికూతురు వచ్చిందటగా కొండ మీదికి?”

“వచ్చింది బాబాయ్.”

“కంచె గట్టిదేనా?”

“గట్టిదే.”

“గట్టిగా ఉన్నంతకాలం నాకేం పేచీ లేదు. బయటికొచ్చిందనుకో, తోడేలు, కాల్చకూడదని మీ చట్టం అంటుంది. నాకేమో ఊరకుక్కలాగే కనపడుతుంది. కళ్లజోడు కొనుక్కోమని మీ పిన్ని పోరుతూనే ఉంది, నేను కొనుక్కోలేదు.”

అనీబల్ నవ్వబోయి నా మొహం చూసి ఆపేశాడు. కిటికీ దగ్గర నిలబడ్డ మా అత్త వచ్చి తమ్ముడి గ్లాసు నిండా ద్రాక్షసారా పోసింది.

“కొనుక్కోకు తమ్ముడూ,” అంది. “నీ చూపు నీకు చాలు.”

అక్టోబరు చివర్లో గాలివాన వచ్చింది. ఊరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో కాయలు రాల్చేసుకున్నాయి. పొద్దున నేను ఆశ్రయం చేరేసరికి లీదియా వానకోటుతో బయటే నిలబడి ఉంది. కంచె పక్కనున్న ముసలి చెస్ట్‌నట్ చెట్టు వేళ్లతో సహా పడిపోయి, రెండు వరసల వలనీ నేలకి అణిచేసింది. మాను వంతెనలా పరుచుకుంది. ఊర్జ తొక్కి చదును చేసిన నేల ఖాళీగా ఉంది.

“తోజు ఉందా?”

“ఉంది. దాని వైపు కంచె బాగానే ఉంది. ఊర్జే లేదు.” లీదియా కొండ కిందికి చూసింది. “అక్కా, ఇవాళ గురువారం.”

గురువారం అడవిపందుల వేట. పక్క ఊళ్లవాళ్లు కూడా తుపాకులతో వస్తారు. మామూలు తోడేలైతే మనిషి వాసన తగలగానే కొండ అవతల తేలుతుంది. ఊర్జ అలా కాదు. తుపాకీ పట్టుకున్నవాడు కనపడితే వాడి కాళ్ల దగ్గరికే వెళ్లి కూర్చుంటుంది.

లీదియా సెలయేటి వైపు వెళ్లింది. నేను ఊరి బాట పట్టాను. ఎక్కడా అరవకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే పదిమందికీ తెలిసిపోతుంది. తడి ఆకుల మీద జారుతూ, పొదలన్నీ వెతుక్కుంటూ దిగాను. కింద లోయలో అనీబల్ బండి హారన్ వినపడింది. రెండు పొడుగు మోతలు, ఒక పొట్టి మోత. అప్పుడు నా బుర్రకి తట్టలేదు. సగం దూరం దిగాక తట్టింది. కారు ఆగి హారన్ మోగితే చాలు అన్న లీదియా మాట. అంతే, ఇక పరుగే.

మా వాకిట్లోకి వచ్చేసరికి అంతా ప్రశాంతంగా ఉంది. తలుపుకి వేలాడే సంచి ఖాళీగా ఊగుతోంది. మా అత్త పాత గొర్రెల కొట్టం తలుపుకి వీపు ఆనించి, చిన్న పీట వేసుకుని, ఒళ్లో జల్లెడతో చెస్ట్‌నట్లు ఏరుకుంటోంది. పుచ్చువి ఇటు, మంచివి అటు. నన్ను చూసింది గానీ ఏమీ అనలేదు. పిల్లితో కూడా అనలేదు.

“అత్తా, ఇటుగా ఏమైనా...”

నా మాట పూర్తికాకుండానే సందు మలుపులో బూట్ల చప్పుడైంది. జెఫెరీను బాబాయి, అతని వెనక పక్క ఊరి వేటగాళ్లు ఇద్దరు, ముందు బాబాయి వేటకుక్క. తుపాకులు భుజాల మీద లేవు, చేతుల్లో ఉన్నాయి.

“అక్కా, ఇటు ఏదైనా వచ్చిందా?” అన్నాడు బాబాయి.

“ఏమొస్తుంది?”

వాళ్లలో పొడుగువాడు ముందుకొచ్చాడు. “రొట్టెల బండి వెనకాల తోడేలు పరిగెత్తుకుంటూ వచ్చింది పెద్దమ్మా. కొండ మలుపులోంచి నా కళ్లతో నేను చూశాను. బండి మీ వాకిట్లోనే ఆగింది.”

“మా అబ్బాయి రొట్టె వేసిపోయాడు. తోడేలుని వేసిపోలేదు.”

“మరి ఆ కొట్టంలో ఏముంది?”

“కోళ్లు.”

“పట్టపగలు కోళ్లని లోపలేసి మూశారేం?”

“చేతుల్లో తుపాకులు పట్టుకుని ఊరిమీద పడి తిరిగేవాళ్లుంటే మూయనా మరి? నా కోళ్లు భయస్తులు బాబూ. బెదిరితే గుడ్లు పెట్టవు.”

నేను పక్కకి చూశాను. కట్టెల గుట్ట మీద, అన్నిటికంటే పైన, మా కోళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. ఒక్కటి కూడా కిందికి దిగడం లేదు. పుంజైతే పక్క పాక రేకు మీదికే ఎక్కేసింది. ఎటూ చూడకూడదని నేలవైపు చూస్తూ నిలబడ్డాను.

బాబాయి కుక్క కొట్టం తలుపు కింద సందు దాకా వెళ్లింది. ఒక్కసారి వాసన చూసి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, పాక్కుంటూ వెనక్కొచ్చి యజమాని బూట్ల మధ్య తల దూర్చింది. పందికి ఎదురు నిలబడే కుక్క అది.

బాబాయి కుక్కని చూశాడు. తల ఎత్తి కట్టెల గుట్ట మీది కోళ్లని చూశాడు. తర్వాత అక్క ముఖం చూశాడు. మా అత్త జల్లెడలోంచి ఒక పుచ్చుది ఏరి పక్కన పడేసింది.

“కోళ్లేనా అక్కా?”

“కోళ్లే.”

బాబాయి తుపాకీని మధ్యకి వంచి తెరిచి, తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు.

“కోళ్లేనట, పదండి,” అన్నాడు వెనకవాళ్లతో.

“అదేంటి జెఫెరీనూ! నీ కుక్కని చూడు! ఆ గుట్ట మీద కోళ్లు...”

“నాకు కళ్లజోడు లేదయ్యా. గుట్ట మీద ఏముందో నాకేం తెలుసు? మా అక్క కోళ్లంటే కోళ్లే. పందులు తూర్పు వాలులో ఉన్నాయి. వస్తారా, ఇక్కడే కూర్చుని గుడ్లు పొదుగుతారా?”

బూట్ల చప్పుడు సందు దాటి పోయేదాకా మా అత్త కదల్లేదు. తర్వాత జల్లెడ కింద పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది.

“లోపలుంది. తీసుకుపో,” అంది నాతో, నేరుగా నాతో.

“అత్తా, నువ్వు దాన్ని ఎలా...”

“ఎలా ఏంటి? వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను పీట మీద కూర్చునుంటే అది నేల మీద కూర్చుంది. నా ప్రాణం పోయిందనుకున్నాను. నా చెయ్యి కూడా లేవలేదు. అది నా చెయ్యే చూస్తోంది. చేతిలో రొట్టె ఉంది కదా, అదే చూస్తోంది.” మా అత్త గొంతులో కోపం పొంగింది. “తల వంచి, చెవులు వాల్చి! ఇన్నేళ్లుగా వీటిని తలుచుకుని నేను తిట్టని రోజు లేదే. మా నాన్న మందని తిన్న తోడేళ్లు ఎలా ఉండేవో తెలుసా? మంచులో నిలబడి మనల్ని చూస్తే, మనం వాటి దొడ్లో ఉన్నట్టు ఉండేది. వాటిని తిట్టుకున్నా ఒక అర్థం ఉంది. ఇదేంటి? రొట్టెముక్క చూపిస్తే కొట్టంలోకి నా వెనకాలే వచ్చింది. తోడేలుని బిచ్చగత్తెని చేశారు! జెఫెరీను దీన్ని కాల్చి తోడేలుని కొట్టానని ఊళ్లో చెప్పుకుంటే, పాలిచ్చే మేకని చంపి మీసం తిప్పినట్టుండేది.”

గడియ తీసి లోపలికెళ్లాను. ఊర్జ పాత గడ్డి మీద పడుకుని, ముందుకాళ్ల మధ్య రొట్టె పెట్టుకుని, ఒద్దికగా కొరుక్కుంటోంది. నన్ను చూసి తోక ఆడించింది.

లీదియా పెట్టె తీసుకుని జీపులో వచ్చింది. తలుపు తెరిచీ తెరవగానే ఊర్జ తనంతట తనే పెట్టెలో దూరింది. అది చూసి మా అత్త మొహం తిప్పుకుంది.

పడిన చెట్టుని కోయడానికి మర్నాడు మనుషుల్ని వెతుక్కుందామనుకుంటుంటే, జెఫెరీను బాబాయి రంపం భుజాన వేసుకుని ఆశ్రయానికి ఎక్కొచ్చాడు. లీదియా ఆశ్చర్యంగా చూసింది.

“చెట్టు నాది కాదు, కంచె నాది కాదు. రంపం మాత్రం నాదే. ఎక్కడ కోయాలో చూపించు డాక్టరమ్మా,” అన్నాడు. సాయంత్రానికల్లా మాను ముక్కలైంది, వల మళ్లీ లేచింది, అప్పటిదాకా పెట్టెలోనే ఉంచిన ఊర్జ లోపలికి దిగింది. నిన్నటి సంగతి అతను ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. డిసెంబరులో ఊరు కూర్చున్నప్పుడు కూడా ఆశ్రయం మాట వస్తే, “కంచె నేను చూశాను, గట్టిదే” అని కూర్చున్నాడు. వాలు మళ్లీ ఆశ్రయానికే ఇచ్చారు. పొడుగువాడి మాట మా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. పక్క ఊరివాడి మాట మాకెందుకు?

లీదియా ఇంక ఆగలేదు. నవంబరు మొదట్లోనే, వానలు తగ్గిన ఒక పొద్దున అడ్డువల తలుపు తీసింది. నాకు చూసే ధైర్యం లేకపోయినా చూశాను. తోజు మూడు కాళ్ల మీద కుంటుకుంటూ ఇవతలికి వచ్చింది. ఊర్జ దానికేసి కుక్కపిల్లలా గెంతుతూ వెళ్లింది. తోజు ఒక్క ఊపున దాన్ని నేలకేసి నొక్కి, మెడ మీద పళ్లు పెట్టి గుర్రుమంది. ఊర్జ కీచుమంది.

“ఆపండి డాక్టరమ్మా! చంపేస్తుంది!”

“ఉండక్కా.” లీదియా నా మణికట్టు పట్టుకుంది. “కొరకట్లేదు. చెబుతోంది అంతే.”

ఏం చెప్పిందో ఆ రెంటికే తెలియాలి. తోజు వదిలేసి, ఒళ్లు దులుపుకుని, వాలు ఎక్కడం మొదలుపెట్టింది. ఊర్జ లేచి నిలబడింది. బాట మీద ఉన్న మమ్మల్ని చూసింది. వాలు ఎక్కుతున్న దాన్ని చూసింది. మళ్లీ మమ్మల్ని చూసింది. అప్పుడు నేను వెనక్కి తిరిగి నడిచాను. నా జన్మలో అంత కష్టపడి వేసిన అడుగులు లేవు. మలుపు దగ్గర ఆగలేక ఒకసారి చూశాను. కంచె దగ్గర ఎవరూ లేరు.

తర్వాత ఒక్కొక్కటే మారాయి. మొదట మాంసం నా చేతిలోంచి అందుకోవాలని చూడటం మానేసింది. నేను విసిరి కొంచెం దూరం వెళ్లాక వచ్చేది. తర్వాత తోజు తిన్నాకే తినడం. తర్వాత నేను మలుపు తిరిగాక గానీ పొదల్లోంచి రాకపోవడం. నవంబరు నడిమికల్లా అది తొక్కిన నాలుగంగల నేల మీద ఓక్ ఆకులు పడి కప్పేశాయి. నాకు సంతోషమే. కానీ కొన్ని పొద్దుల్లో ఖాళీ కంచె దగ్గర పని లేకపోయినా నిలబడిపోయేదాన్ని. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా మా అత్తకి తెలిసిపోయింది.

“ఇవాళ బిచ్చగత్తె తిందా?” అని అడిగేది రోజూ. అడిగేది నన్నే. పిల్లికి విశ్రాంతి దొరికింది.

“నేనుండగా రాలేదత్తా.”

“మంచిదే. అలా మొహం వేలాడేసుకోకు. కాపురానికి వెళ్లిన కూతురు రోజూ వచ్చి మన వాకిట్లో కూర్చోవాలా?”

మార్టిన్ పండగ రోజు వాకిట్లో ఎండుటాకులు పోగేసి చెస్ట్‌నట్లు కాల్చాం. కొత్త ద్రాక్షసారా పీపా తెరిచాం. చలేసి అందరం బల్ల దగ్గరికి చేరాం. మా అత్త చారు గిన్నె తీసుకుని కిటికీ దాకా వెళ్లింది. అక్కడ ఒక నిమిషం నిలబడి, “ఈ కిటికీలోంచి గాలి వస్తోంది” అని వచ్చి నా పక్కన కూర్చుంది. అనీబల్ నోరు తెరవబోయాడు. బల్ల కింద అతని కాలు తొక్కాను. అతను రొట్టె కోసి ముందు వాళ్లమ్మకి, తర్వాత నాకు ఇచ్చాడు. గుమ్మం బయట ఉన్న నా కోటు వానకి తడుస్తోందని ఆ రాత్రే లోపలికి తెచ్చి పొయ్యి దగ్గర ఆరేసింది కూడా ఆమే. కంపు కొడుతోందని తిడుతూనే ఆరేసింది.

నవంబరు చివర్లో, ఎండ పల్చగా కాస్తున్న ఒక మధ్యాహ్నం, “పద, దాన్ని ఒకసారి చూసొద్దాం” అంది.

కర్ర పట్టుకుని, దారంతా నన్నూ, దారినీ, రాళ్లనీ తిట్టుకుంటూ ఎక్కింది. లీదియా చెక్క గుడిసె తలుపు తీసి మమ్మల్ని కూర్చోబెట్టింది. అక్కడి సన్నని కిటికీలోంచి వాలంతా కనపడుతుంది.

“మాట్లాడకూడదు దెయొలిందమ్మా,” అంది లీదియా మెల్లగా. “కనపడతాయని కూడా చెప్పలేను.”

“నేను మాట్లాడతానా?” అంది మా అత్త గట్టిగా.

చాలాసేపు ఏమీ లేదు. ఎండ బండల మీదినుంచి పొదల మీదికి జరిగింది. ఒక పక్షి అరిచి ఊరుకుంది. మా అత్త పాదం తిమ్మిరెక్కి కదిపింది, నేను చూసేసరికి ఆపేసింది. ఆమె అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ముందు తోజు కనపడింది. మూడు కాళ్ల మీద ఊగుతూ బండ దిగి, సెలయేట్లో నీళ్లు తాగింది. దాని వెనక, పొదల నీడలో, ఇంకో రూపం. చలికాలపు బొచ్చు నిండుగా వచ్చింది. మెడ చుట్టూ వెడల్పుగా ఉంది. నేను గుర్తుపట్టలేకపోయాను. తల తిప్పినప్పుడు గానీ ఊర్జ అని తెలియలేదు.

నాకు తెలియకుండానే ముందుకి వంగాను. బల్ల చెక్క కిర్రుమంది.

ఊర్జ తల ఎత్తింది. సూటిగా గుడిసె వైపు, ఆ సన్నని సందులోకి, మా ఇద్దరి కళ్లలోకి చూసింది. అది నన్ను ఎరుగును. నా వాసన, నా అడుగు, నా చేతులు దానికి తెలుసు. చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయి. తోక కదల్లేదు. చూడాల్సినంత చూసి, మాతో పనేమీ లేనట్టు మొహం తిప్పుకుని, తోజు వెనకాల పొదల్లోకి వెళ్లిపోయింది. ఒక్క కొమ్మ కూడా ఊగలేదు.

నేను మా అత్త వైపు తిరిగాను. ఆమె బుగ్గల మీద నీళ్లున్నాయి. నవ్వుతోంది.

“చూశావా ఎలా చూసిందో!” అంది గుసగుసగా, నా మోకాలి మీద కొట్టి. “మనమెవరం దానికి! మనమెవరమే!”

దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. దారినీ రాళ్లనీ తిట్టలేదు. ఊరి మొదట్లో సారా కొట్టు గుమ్మంలో జెఫెరీను బాబాయి గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి గొంతెత్తాడు.

“ఏమక్కా, కొండెక్కావట! కనపడిందా?”

మా అత్త ఆగింది. కర్ర నేలకి ఆనించి, నడుం నిటారుగా చేసుకుని తమ్ముడి వైపు చూసింది.

“తోడేళ్లు ఎవరికైనా కనపడతాయట్రా, పిచ్చి సన్నాసీ?” అంది.